ఇంటింటి కత్తుల అమ్మకం: కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమ

వంటింటి కత్తులు, కత్తెరలు, తొక్కతీసే పరికరాలు, కూరగాయలు తరిగే చెక్కలు వంటి సరుకును గడపగడపకూ మోసుకెళ్ళి, అక్కడికక్కడే వాడి చూపించి అమ్మడం ఒక వృత్తి. ఇందులో రెండు రకాల వాళ్ళున్నారు. సొంత పెట్టుబడితో సంచీ నింపుకొని వీధులు తిరిగేవారు ఒకరు. కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకొని, అమ్మినదాని మీద కమిషన్ తీసుకునేవారు రెండోవారు. గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికి ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు. చట్టానికి మాత్రం వీళ్ళు వేరువేరు మనుషులు. ఇద్దరికీ కలిసేది ఒకటే: నష్టం వస్తే అది అమ్మేవాడి నెత్తినే పడుతుంది. దక్షిణ తమిళనాడులో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ వృత్తి స్వరూపాన్ని చూద్దాం.

సీమ, జనం

మదురై నుంచి కన్యాకుమారి వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద మొదట విరుదునగర్, తరవాత సాత్తూరు, ఆపైన కోవిల్‌పట్టి తగులుతాయి. విరుదునగర్ తన పేరుతోనే ఉన్న జిల్లాకు కేంద్రం. కోవిల్‌పట్టి తూత్తుక్కుడి జిల్లాలోది. రెంటి చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. తమిళులు కరిసల్ భూమి అంటారు. పత్తి, మిరప, ధనియాలు, పప్పుధాన్యాలు వాన మీద ఆధారపడి పండుతాయి. వాన తప్పిన ఏడాది పొలం కూలి ఉండదు. అందుకే ఈ సీమ అగ్గిపెట్టెలు, టపాకాయలు, అచ్చుపని, నూలుమిల్లుల వైపు మళ్ళింది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చి 1923లో శివకాశిలో మొదలుపెట్టిన పని సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ పాకింది. ఆ పనిలో అత్యధికులు ఆడవాళ్ళే.

తెలుగువారి సంగతి. విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి వచ్చి స్థిరపడిన కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు ఈ పల్లెల నిండా ఉన్నారు. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం రాజులదీ తెలుగే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి. ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివాడే. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్ అనే చిన్న పల్లె తమిళ సాహిత్యానికి ఇద్దరు తెలుగింటి రచయితలను ఇచ్చింది: కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చి అడవి నరికి ఊరు కట్టుకున్న తెలుగు కుటుంబాల కథను రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. కాబట్టి కంపెనీ తమిళంలో అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టి, నోటితో తెలుగులో వివరించగల మనిషికి ఇక్కడ అరుగు మీద చోటు తొందరగా దొరుకుతుంది. అయితే చోటు దొరికినంత మాత్రాన బేరం కుదరదు.

కంపెనీలు రాకముందు

ఈ ఊళ్ళకు సరుకు మోసుకొచ్చి అమ్మడం కొత్త సంగతి కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో నాడార్ వర్తకులు విరుదుపట్టి (నేటి విరుదునగర్), శివకాశి, సాత్తూరు, అరుప్పుక్కోట్టై, తిరుమంగళం, పాలయంపట్టి ఊళ్ళలో పేట్టై అనే ప్రహరీ కట్టిన విడిదులు వేసుకొని, ఎడ్లబండ్ల మీద పల్లెలకు సరుకు తోలేవారు. ప్రతి వర్తకుడూ లావాదేవీ మీద కొంత సొమ్మును మగమై పేరిట చెల్లించేవాడు. ఆ ఉమ్మడి సొమ్ముతో బావులు, సత్రాలు, బడులు వచ్చాయి. విరుదునగర్‌లో 1889లో పెట్టిన క్షత్రియ విద్యాశాల అలా పుట్టిందే; కామరాజ్ అక్కడే చదువుకున్నాడు. నేటి కమిషన్ ఏజెంటుకు అలాంటి పేట్టై లేదు, మగమై నిధీ లేదు. పాత వర్తకుడికి దారిలో ఎద్దు పడిపోతే చూసుకునే కులసంఘం ఉండేది. ఇవాళ్టి వాడికి బండి పాడైతే ఆ రోజు కూలి పోయినట్టే.

కత్తి విషయానికొస్తే, ఈ వంటిళ్ళలో అసలు పనిముట్టు కత్తిపీట. పీట మీద ఒక కాలు వేసి లేదా మోకాలు మోపి కూర్చొని, కాయను రెండు చేతులతో పట్టుకొని అంచు మీదికి తోస్తారు. గుమ్మడికాయ, కంద, మునక్కాడ, తూత్తుక్కుడి రేవు నుంచి వచ్చే చేప, అన్నీ దాని మీదే. చివర తురుముకోరు ఉంటే కొబ్బరీ దాని మీదే. ఊరి కమ్మరి పాత ఇనుముతో కొట్టి ఇస్తాడు, తుప్పు పడితే రాయి మీద రుద్దుకుంటారు. పక్క శివగంగ జిల్లాలోని తిరుప్పాచి కొడవళ్ళకు తమిళదేశమంతా పేరు. ఇంకో మనిషి కూడా ఉన్నాడు: తొక్కుడు చక్రం భుజాన వేసుకొనో సైకిలుకు బిగించుకొనో వీధుల్లో కేకేస్తూ వచ్చి కత్తులకు సాన పట్టేవాడు. అతను ఏమీ అమ్మడు. కానీ ఏ ఇంట్లో ఏ కత్తి ఉందో, దాని పస ఎంతో అతనికి తెలిసినంతగా ఏ కంపెనీకీ తెలియదు.

ఆ కత్తిపీట ముందు కంపెనీ కత్తి తెచ్చే సమస్య పదును గురించి కాదు, కూర్చోవడం గురించి. చేతికత్తి పని చేయాలంటే కింద చెక్క కావాలి, చెక్కకు ఎత్తైన గట్టు కావాలి, గట్టు ముందు నిలబడి వండే అలవాటు కావాలి. గ్యాసు పొయ్యి, గ్రానైటు గట్టు వచ్చిన ఇంట్లో ఈ కత్తి అమ్ముడవుతుంది. నేలమీద కూర్చొని వండే ఇంట్లో ఎంత మంచి కత్తయినా అటకెక్కుతుంది. అనుభవమున్న అమ్మకందారు లోపలికి రాగానే చూసేది ఇల్లాలి ముఖం కాదు, పొయ్యి ఏ ఎత్తున ఉందో.

కంపెనీ పద్ధతి ఎక్కడిది

గడప దగ్గర వాడి చూపించి అమ్మే పద్ధతికి అమెరికాలో వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆల్‌ఫ్రెడ్ ఫుల్లర్ 1906లో బ్రష్షులతో మొదలుపెట్టాడు. తలుపు తట్టేవాళ్ళ బెడద ఎంత పెరిగిందంటే, 1931లో వ్యోమింగ్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్ పట్టణం పిలవకుండా ఇంటికొచ్చి అమ్మడాన్నే నిషేధించింది. వంటింటి కత్తుల్లో పెద్ద పేరు కట్కో. 1949లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓలియన్‌లో మొదలైన ఆ కత్తులను వెక్టర్ మార్కెటింగ్ అనే అనుబంధ సంస్థ ద్వారా ఎక్కువగా కాలేజీ పిల్లలే అమ్ముతారు. వేసవి సెలవుల్లో చేరిన పిల్లవాడు మొదట అమ్మేది మేనత్తకు, పక్కింటావిడకు, స్నేహితుడి తల్లికి. వాళ్ళు చెప్పిన పేర్లతో తరవాతి ఇళ్ళు. తాడు, తోలు కోసి చూపడం, కత్తెరతో రాగి నాణెం కత్తిరించడం అక్కడి ప్రసిద్ధ ప్రదర్శన. శిక్షణ రోజులకు జీతం ఇవ్వలేదని కాలిఫోర్నియాలో దావాలు పడి, సంస్థ రాజీ సొమ్ము చెల్లించింది.

మన దేశంలో ఈ పద్ధతికి మధ్యతరగతిని అలవాటు చేసింది యూరేకా ఫోర్బ్స్. 1982లో మొదలై, వాక్యూమ్ క్లీనర్లనూ ఆ తరవాత నీటిశుద్ధి యంత్రాలనూ టై కట్టిన యువకుల చేత గడపల్లోకి పంపింది. 1990లలో టప్పర్‌వేర్, ఆమ్వే, మోదికేర్ వచ్చాయి. టప్పర్‌వేర్ పద్ధతి వేరు: ఒకరింట పదిమంది ఆడవాళ్ళను కూడగట్టి అమ్మడం. ఆమ్వే తరహా మరొకటి: అమ్మినదాని మీదే కాక, చేర్పించిన మనుషులు అమ్మినదాని మీద కూడా వాటా. కత్తుల అమ్మకందారు ఈ మూడింటిలో ఏ దారిలో పనిచేస్తున్నాడో తెలిస్తే తప్ప అతని ఆదాయం గురించి మాట్లాడలేం.

గుమ్మం దగ్గర

ఈ సీమలో గడియారాన్ని నడిపేది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. పొద్దున బస్సెక్కి వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం దాకా తిరిగిరారు. పదకొండు గంటలకు తలుపు తడితే ముసలమ్మ, పసిపిల్ల తప్ప ఎవరూ ఉండరు. ముసలమ్మ కొనదు, కొననివ్వదు కూడా. నిజమైన వేళ సాయంత్రం, పొయ్యి అంటించే ముందు. కూరగాయలు బయటికి వచ్చే వేళ కూడా అదే.

చేతికి డబ్బు వచ్చేది వారం చివర, చాలాచోట్ల శనివారం. ఇక్కడొక చిక్కుంది. శనివారం ఇనుము ఇంటికి తేకూడదన్న పట్టింపు తెలుగిళ్ళలోనూ తమిళిళ్ళలోనూ ఉంది. కాబట్టి తెలిసిన అమ్మకందారు శనివారం బయానా తీసుకొని ఆదివారం కత్తి అందిస్తాడు. ఇంకో పట్టింపు: కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు, తగువు వస్తుందంటారు. గట్టు మీదో చాప మీదో పెడితే అవతలివారు తీసుకుంటారు. కొత్తగా చేరిన కుర్రాడు శిక్షణలో చెప్పినట్టు పిడి ముందుకు చాచి చేతికి అందిస్తే, ఆ ఇంటి పెద్దావిడ చెయ్యి చాచదు. అమ్మకం అక్కడితో సరి. ఇవేవీ కంపెనీ పుస్తకంలో ఉండవు. ఆయుధపూజకు ముందు వారాలు మంచి గిరాకీ కాలం. కత్తిపీటకు కూడా గంధం, కుంకుమ పెట్టే పండగ కనుక ఇంట్లో పాత సామాను బయటపడుతుంది, ఏది మొద్దుబారిందో కనబడుతుంది. దీపావళికి ముందు బోనసు చేతికొచ్చే రోజులూ అంతే. విరుదునగర్‌లో పరాశక్తి మారియమ్మన్ గుడి పంగుని పొంగల్ రోజుల్లో మాత్రం ఎవరి తలుపూ తట్టి లాభం లేదు, ఊరంతా వీధిలోనే ఉంటుంది.

మాట ఎలా మొదలవుతుందో చూడండి. “అక్కా, కొనమని అడగను. మీ ఇంట్లో ఎర్రగడ్డ ఒకటీ, బాగా మాగిన టమాటా ఒకటీ ఇయ్యండి చాలు.” సంచీలోంచి తెచ్చిన టమాటా కోసి చూపితే ఎవరూ నమ్మరు, తమ గంపలోది కోస్తే చూస్తారు. మాగిన టమాటా తోలు మెత్తగా, జారుడుగా ఉంటుంది కాబట్టి మొద్దు కత్తి దాన్ని నొక్కుతుందే కానీ కోయదు. అందుకే అది మంచి పరీక్ష. కాగితం కోయడం కూడా పరవాలేదు. తాడు కోయడం మాత్రం గారడీ కిందే లెక్క. రంపపు పళ్ళున్న ఏ అంచయినా తాడు కోస్తుంది, దాంతో రోజూ ఉల్లిపాయ తరిగితే ముక్కలు చీలికలు పీలికలవుతాయి. కొత్త కత్తి ఏదైనా మొదటిరోజు కోస్తుంది. మూడు నెలల తరవాత కోసే కత్తి ఏదో గుమ్మం దగ్గర తేలదు.

ఉక్కు సంగతి

తుప్పు పట్టని ఉక్కుకు ఆ గుణం క్రోమియం వల్ల వస్తుంది. కనీసం నూటికి 10.5 పాళ్ళు ఉండాలి. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దీన్ని తయారుచేశాక చాకులు, కత్తుల వ్యాపారం రూపు మారింది. కత్తికి పదును నిలిపేది కర్బనం. కట్కో వాడే 440ఏ రకంలో క్రోమియం 16 నుంచి 18 శాతం, కర్బనం 0.60 నుంచి 0.75 శాతం. కర్బనం తక్కువగా ఉన్న పలుచని రేకు కత్తి చవగ్గా దొరుకుతుంది, తళతళలాడుతుంది, నెలకే మొద్దుబారుతుంది. కమ్మరి కొట్టిన కత్తిపీటలో క్రోమియం లేదు కాబట్టి తుప్పు పడుతుంది. కానీ ఇంట్లో రుబ్బురాయి అంచుకు నాలుగుసార్లు రాసినా మళ్ళీ కోస్తుంది. గట్టి స్టెయిన్‌లెస్ కత్తిని అలాగే గ్రానైటు మీద రుద్దితే అంచు విరిగి పళ్ళు పడుతుంది. ఈ ముక్క కొన్నరోజే చెప్పకపోతే, మరుసటి నెల ఆ వీధిలో అడుగుపెట్టిన అమ్మకందారుకు తిట్లే ఎదురవుతాయి. తెలుగువారికి ఉక్కు పాఠం కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి వెళ్ళేవారు.

గృహస్థుల కంటే మంచి గిరాకీ చిన్న ఫలహారశాలలది. విరుదునగర్ నూనె పరోటా అంగళ్ళలో సాయంత్రానికి బస్తాల లెక్కన ఉల్లిపాయలు తరగాలి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి వేరుశనగ అచ్చును బెల్లం పాకం వేడి మీద ఉండగానే పరిచి, ఆరిపోకముందే కోయాలి. చేతి కింద కత్తి ఆగితే సరుకు పాడవుతుంది. అలాంటి చోట ధర మాట తరవాత, పదును మాట ముందు.

డబ్బు లెక్క

కమిషన్ మీద బతికేవాడి లెక్క ఎలా ఉంటుందో తెలియడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. 900 రూపాయల కత్తుల సెట్టు మీద నూటికి 20 అనుకుంటే 180 రూపాయలు. కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై పోయి రావడానికి బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం, రెండు టీలు తీస్తే మిగిలేది తేలుతుంది. ఒక్క సెట్టూ అమ్ముడవని రోజు ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. జీతం లేదు, సెలవు లేదు. అతను ఉద్యోగి కాదు, ‘స్వతంత్ర అమ్మకందారు’ అని ఒప్పందంలో రాసి ఉంటుంది.

పైగా ఈ సీమలో ఒక్కసారిగా 900 రూపాయలు తీసిచ్చే ఇళ్ళు తక్కువ. వారం వారం వాయిదాల మీద గిన్నెలు, చీరలు, కుక్కర్లు అమ్మే వ్యాపారం ఇక్కడ పాతదే. కత్తి కూడా ఆ దారినే పోతుంది. వాయిదా ఇచ్చాడంటే అప్పు ఇచ్చినట్టే; ఆ అప్పు కంపెనీది కాదు, సంచీ మోసేవాడిది. ఫ్యాక్టరీ మూతపడిన వారం వసూలు ఆగిపోతుంది. కానీ వాయిదా వల్ల ఒక మేలుంది: ప్రతివారం ఆ గుమ్మానికి వెళ్ళాలి. పోయిన వారం అమ్మిన కత్తి ఎలా ఉందో అడగకుండా తప్పించుకోలేడు. ఈ వృత్తిలో నిలిచేది తిరిగి వచ్చి ముఖం చూపగలవాడే. ఒకే ఊరిని ఒక్కరోజులో దున్నేసి మళ్ళీ కనబడని వాళ్ళ వల్లే తరవాత వచ్చేవారికి తలుపులు తెరుచుకోవు.

చట్టం ఏమంటుంది

సొంతంగా వీధుల్లో అమ్ముకునేవారికి 2014 వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది. తిరుగుతూ అమ్మేవారిని కూడా అది వీధి వ్యాపారులుగానే గుర్తించి, పట్టణ విక్రయ సంఘం ద్వారా ధ్రువపత్రం ఇవ్వాలంటుంది. కంపెనీ తరఫున ఇళ్ళకు వెళ్ళేవారిది మరో దారి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం 2021 డిసెంబరు 28న ప్రత్యక్ష విక్రయ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా అమ్మకందారు ఇంటికి వెళ్ళకూడదు. ఎవరు, ఏ కంపెనీ, ఎందుకు వచ్చారన్నది మొదటి మాటలోనే చెప్పాలి. ధర, వాయిదా షరతులు, వాపసు పద్ధతి వివరించి బిల్లు ఇవ్వాలి. ‘ఇంకో నలుగురి పేర్లు చెబితే మీ కత్తి ధర తగ్గుతుంది’ అని ఆశపెట్టి అమ్మడం కూడా నిషిద్ధమే. ఇక అమ్మకందారుకు మేలు చేసేది ఒకటుంది: చేరడానికి రుసుము గానీ, ప్రదర్శన సామాను ఖర్చు గానీ కంపెనీ అతని దగ్గర వసూలు చేయకూడదు. ఒప్పందం కుదుర్చుకున్నాక మనసు మార్చుకొని వెనక్కి తగ్గడానికీ అతనికి గడువు ఇవ్వాలి.

మనుషులను చేర్పించడం మీదే ఆదాయం నడిచే గొలుసు పథకాలను ఈ నియమాలు పూర్తిగా కాదన్నాయి. 1978 నాటి ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం ఆ పని అంతకుముందే చేసింది. తెలుగు నేల మీద దాని పెద్ద పరీక్ష ఆమ్వే కేసు: 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కంపెనీ పథకం 1978 చట్టం పరిధిలోకి వస్తుందని చెప్పింది. 2014లో కంపెనీ భారత విభాగం అధిపతిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేశారు. కాబట్టి కత్తులు అమ్మమని పిలిచి, కత్తి గురించి పది నిమిషాలు, ‘కింద చేర్పించాల్సిన’ మనుషుల గురించి రెండు గంటలు మాట్లాడితే ఆ సమావేశం నుంచి లేచి వచ్చేయడమే తెలివి.

సంచీ నిండా కత్తులు పెట్టుకొని తిరగడం నేరమా అని కొత్తవాళ్ళు భయపడతారు. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నియమాలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను ఆయుధాల జాబితాలో చేర్చినా, ఇంటి వాడకానికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించాయి. అయినా బస్టాండులో పోలీసు సంచీ విప్పమంటే కంపెనీ కార్డు, సరుకు చీటీ చూపగలగాలి. పెట్టె మీద తయారీదారు పేరు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం అచ్చయి ఉండాలన్నది 2011 ప్యాకేజీ సరుకుల నియమం. అచ్చు లేని పెట్టె అమ్మినా తప్పే.

కొనేవారికి ఒక మాట: కార్డు చూడండి, బిల్లు తీసుకోండి, పదును మళ్ళీ ఎవరు పట్టిస్తారో అడిగి ఆ సమాధానం బిల్లు వెనకే రాయించుకోండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అక్కడ తమిళంలోనైనా తెలుగులోనైనా ఫిర్యాదు చెప్పుకోవచ్చు.